ఎండ ఎవరి మీద పడుతోందో చూసి చెట్టు నాటండి

నగరంలో పచ్చదనం పెంచాలనుకునే వాళ్లు సలహా కోసం వస్తే మొదట అడిగేది ఎన్ని మొక్కలు కావాలి, ఏ మొక్కలు కావాలి అని. నేనూ చాలాకాలం అక్కడి నుంచే మొదలుపెట్టాను. ఇప్పుడు మాత్రం మొక్కల మాట కాసేపు ఆపి, మీ వీధిలో మధ్యాహ్నం రెండింటికి ఎండలో ఎవరు నిలబడుతున్నారు, వాన పడితే ఎవరి గుమ్మంలోకి నీళ్లొస్తున్నాయి, సాయంత్రం కాసేపు కూర్చుందామంటే ఎవరికి చోటు లేదు, ముందు ఇవి చెప్పండి అంటున్నాను. వీటికి జవాబు దొరికితే మొక్క ఎక్కడ పెట్టాలో, అసలు కావాల్సింది మొక్కో లేక వాన నీళ్లు ఇంకే గుంటో, దానంతటదే తేలిపోతుంది.

దీన్నే ఇప్పుడు ప్రకృతి ఆధారిత పరిష్కారాలు అంటున్నారు. పేరు పెద్దది గానీ విషయం తేలికే. చెట్టు, మట్టి, నీరు, చిత్తడి నేల తమంతట తాము చేసే పనిని మనుషుల ఇబ్బంది తీర్చడానికి వాడుకోవడం, అలా వాడుకుంటూనే వాటినీ బాగుచేయడం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ 2022లో దీనికి ఒక నిర్వచనం ఖాయం చేసింది. అంతకు ముందే, 2020లో, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎనిమిది ప్రమాణాలు పెట్టింది. వాటిలో మొట్టమొదటిది, చేసే పని సమాజంలో ఉన్న ఏదో ఒక సమస్యను నిజంగా తీర్చాలి అన్నది. చూడ్డానికి అందంగా ఉంటే చాలదన్నమాట. ఆరోగ్యం కోసం చేసేటప్పుడు ఈ ఒక్కటి గట్టిగా పట్టుకోండి, చాలా తప్పులు ముందే తప్పిపోతాయి.

ముందు మూడుసార్లు నడవండి

మీరు పనిచేయాలనుకున్న పేటను మూడు వేళల్లో కాలినడకన చూడండి. మండే మధ్యాహ్నం ఒకసారి, గట్టి వాన వెలిసిన అరగంటకు ఒకసారి, బాగా చీకటిపడ్డాక ఒకసారి. మధ్యాహ్నం నడకలో బస్సు ఆగేచోట, బడి గేటు ముందు, ఆసుపత్రి బయట, రోడ్డు పనులు చేసేవాళ్లు విశ్రాంతి తీసుకునే చోట కాసేపు మీరే నిలబడి చూడండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ (తాకకుండానే వేడి కొలిచే పరికరం) ఒకటి దొరికితే ఎండలో ఉన్న తారు మీద, ఉన్న ఒకటో రెండో చెట్ల నీడలో ఉన్న తారు మీద రీడింగులు తీసి, టైముతో సహా రాసుకోండి. మంచి ఎండ వేళ ఈ రెండింటికీ 11 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ దాకా తేడా ఉండొచ్చు. ఆ అంకె మీరే స్వయంగా చూశారంటే, రేపు వార్డు ఆఫీసులో మాట్లాడేటప్పుడు మీ మాటకు బలం వస్తుంది.

రెండో పని మనుషుల్ని అడగడం. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో నర్సుని అడగండి, వేసవిలో ఏ వీధుల నుంచి ఎక్కువమంది నీరసం, కళ్లు తిరగడం అంటూ వస్తున్నారని. పేర్లు అక్కర్లేదు, వీధి తెలిస్తే చాలు. పై అంతస్తుల్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఎక్కడున్నారో తప్పకుండా తెలుసుకోండి. 1995 జులైలో షికాగోలో వచ్చిన వడగాలులకు ఏడు వందల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది వృద్ధులు, ఒంటరిగా బతుకుతున్నవాళ్లు, తమ గదుల్లోనే ప్రాణం పోయినవాళ్లు. కాబట్టి వీధిలో కనిపించే మనిషినే కాదు, కిటికీ వెనక కనిపించని మనిషిని కూడా మీ లెక్కలో వేసుకోవాలి.

ఇంకో తేలికైన పరీక్ష ఉంది, 3-30-300 అంటారు, నగర అడవుల నిపుణుడు సెసిల్ కోనైనెన్‌డైక్ 2021లో చెప్పాడు. ప్రతి ఇంటి కిటికీలోంచి కనీసం 3 చెట్లు కనబడాలి, పేటలో 30 శాతం నేల మీద చెట్ల గొడుగు ఉండాలి, 300 మీటర్ల లోపు ఒక పార్కు ఉండాలి. మీ పేటకు ఎన్ని మార్కులొస్తాయో ఒక ఆదివారం కూర్చుని లెక్కేయండి. ఉపగ్రహ చిత్రం చూస్తే చెట్ల గొడుగు ఎంతుందో ఒక అంచనా వస్తుంది. చాలా పేటలు 30 దరిదాపుల్లో కూడా ఉండవు, దానికి నిరుత్సాహపడొద్దు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోవడానికే ఈ పరీక్ష.

నీడ: ఇక్కడే ఎక్కువ పని, ఎక్కువ ఫలితం

యూరప్‌లోని 93 నగరాల మీద చేసిన ఒక అధ్యయనం 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆ నగరాల్లో సగటున 15 శాతం నేల మీదే చెట్ల గొడుగు ఉంది. దాన్ని 30 శాతానికి పెంచి ఉంటే, నగరం వేడెక్కడం వల్ల 2015 వేసవిలో జరిగిన మరణాల్లో మూడో వంతుకు పైగా ఆపగలిగేవాళ్లని వాళ్ల లెక్క. చెట్టు ఇది ఎలా చేస్తుందంటే, ఎండను మధ్యలోనే ఆపుతుంది, దాంతో రోడ్డు, గోడ వేడెక్కవు, రాత్రి ఆ వేడిని మళ్లీ మన మీదికి వదలవు. పైగా ఆకుల నుంచి నీరు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. ఒక్క లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2.4 మెగాజౌళ్ల వేడి కావాలి, అది చుట్టూ ఉన్న గాలి నుంచి, ఎండ నుంచే రావాలి మరి. అందుకే గడ్డి పరిచిన మైదానానికీ చెట్టు నీడకూ పోలిక పెట్టకండి. గడ్డి వల్ల నేల చల్లబడుతుంది గానీ నడినెత్తిన ఎండ మాత్రం తప్పదు.

ఎక్కడ నాటాలి? మనుషులు ఆగే చోట, నడిచే దారిలో. బస్సు ఆగేచోట పడమర వైపు ఒక పెద్ద చెట్టుకు జాగా దొరికిందంటే దాన్ని వదలొద్దు, ఎందుకంటే సాయంత్రపు ఏటవాలు ఎండే ఎక్కువ బాధ పెడుతుంది. ఇంటి నుంచి బడికి, క్లినిక్‌కి, మార్కెట్‌కి వెళ్లే దారిలో నీడ తెగిపోకుండా ఉండాలి. మధ్యలో వంద మీటర్లు ఎండ తగిలితే పెద్దవాళ్లు ఆ దారి మానేస్తారు. కొలంబియాలోని మెడెయిన్ నగరం 2016 నుంచి చేసింది దాదాపు ఇదే. రోడ్ల వెంట, వాగుల వెంట 30 పచ్చని బాటలు వేసి, వాటిని ఒకదానికొకటి కలుపుకుంటూ పోయింది, బతుకుతెరువు కష్టంగా ఉన్నవాళ్లకు తోటపని నేర్పించి వాళ్లకే ఆ పని ఇచ్చింది. ఆ బాటల దగ్గర సుమారు 2 డిగ్రీలు చల్లబడిందని ఆ నగరం చెబుతోంది.

నాటే పద్ధతిలో కొంచెం మొండిగా ఉండండి. గుంత లోతు వేళ్ల ముద్ద ఎంత లోతుందో అంతే ఉండాలి, వెడల్పు మాత్రం దానికి రెండు మూడు రెట్లు ఉండాలి. చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి, ఇరుకుగా, లోతుగా తవ్వి మొక్కను పాతిపెట్టేస్తారు. మొదలు దగ్గర కాండం వెడల్పై వేళ్లలోకి దిగే చోటు నేలపైన కనబడుతూ ఉండాలి, అది మట్టిలో మునిగితే చెట్టు నెమ్మదిగా కుళ్లిపోతుంది. చుట్టూ పాదు చేసి, ఎండుటాకులో చెక్కపొట్టో 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరవండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. ఫుట్‌పాత్ మీద అయితే కాంక్రీటును మొదలుదాకా పోయనివ్వకండి, కొత్త టైల్స్ వేసే రోజు అక్కడే నిలబడి చూడండి. వేళ్లకు మట్టి, గాలి, నీరు అందని చెట్టు ఎప్పటికీ గొడుగంత కాదు, కర్రలాగే ఉండిపోతుంది.

ఇక నీళ్లు. ఒక వీధిలో మేం నాటిన మొక్కలకు మొదటి వేసవి అందరూ పోటీపడి నీళ్లు పోశారు. రెండో వేసవికి ఎవరికి వాళ్లు పక్కవాళ్లు పోస్తున్నారనుకున్నారు, సగానికి పైగా ఎండిపోయాయి. నాకు ఆ బాధ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి ఒక్క మొక్క నాటాలన్నా మూడేళ్లపాటు దానికి నీళ్లెవరు పోస్తారో పేరు రాసుకోకుండా గుంత తవ్వనివ్వను. వారానికి ఒకసారో రెండుసార్లో లోతుగా తడిసేలా పోయాలి. రోజూ పైపైన చల్లితే వేళ్లు పైనే తిరుగుతాయి, గాలివానకు చెట్టు పడిపోతుంది.

ఒకే రకం చెట్లు వరుసగా నాటితే ఫోటోలో బాగుంటుంది, కానీ తర్వాత దెబ్బతింటారు. అమెరికాలో ఎమరాల్డ్ ఆష్ బోరర్ అనే పురుగు కోట్ల కొద్దీ ఆష్ చెట్లను చంపేసింది. 2013లో వచ్చిన ఒక పరిశోధన 15 రాష్ట్రాల లెక్కలు తీసి చూస్తే, ఆ చెట్లు పోయిన జిల్లాల్లో గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో చనిపోయేవాళ్లు పెరిగారని తేలింది, మొత్తం మీద సుమారు 21 వేల అదనపు మరణాలు. చెట్టు పోతే మనిషికీ నష్టమేనని ఇంత సూటిగా చూపించిన లెక్క నేను మరొకటి చూడలేదు. అందుకే మొత్తం చెట్లలో ఒకే జాతి 10 శాతం, ఒకే ప్రజాతి (అంటే దగ్గరి బంధు జాతులు) 20 శాతం, ఒకే కుటుంబం 30 శాతం మించకూడదని చెట్ల నిపుణులు ఒక సూత్రం వాడతారు. నర్సరీలో ఉన్నదేదో తెచ్చుకోకుండా, మీ నేలకు, మీ వానకు అలవాటైన జాతులు కనీసం పది పన్నెండు ఎంచుకోండి. గాలిలోకి పుప్పొడి విపరీతంగా వదిలే చెట్లను బడుల దగ్గర, ఆసుపత్రుల దగ్గర పెట్టకండి, ఉబ్బసం, అలర్జీ ఉన్నవాళ్లకు నరకం అవుతుంది.

గాలి విషయంలో చెట్టు మీద ఎక్కువ బరువు పెట్టకండి

చెట్లు గాలిని శుభ్రం చేస్తాయని అందరం నమ్ముతాం. కొంత నిజమే, ఆకుల మీద దుమ్ము కూర్చుంటుంది. కానీ రెండు వైపులా ఎత్తైన భవనాలు, మధ్యలో ఇరుకు రోడ్డు, నిండా బళ్లు ఉన్నచోట గొడుగులా కమ్ముకున్న పెద్ద చెట్లు పెడితే కింది పొగ పైకి పోకుండా ఆగిపోతుంది, నడిచేవాళ్లు దాన్నే పీలుస్తారు. అలాంటి చోట రోడ్డుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య ఒత్తుగా, మనిషి ముక్కు ఎత్తుకు మించిన పొద కంచె పెంచడం మేలు. బడి ప్రహరీకి కూడా ఇదే చేయండి, ఆకులు కింది నుంచి పై దాకా సందు లేకుండా ఉండాలి. ఎంత చేసినా అసలు మందు బళ్లు తగ్గించడమే, కంచె నాటామని ఆ మాట అడగడం మానేయొద్దు.

వాన నీళ్లు, దోమలు

2011 జులై 2న కోపెన్‌హాగన్‌లో కుండపోత వాన పడి నగరం మునిగింది. ఆ తర్వాతి సంవత్సరమే వాళ్లు ఒక ప్రణాళిక తెచ్చి, పైపుల మీదే ఆధారపడకుండా వీధులు, పార్కులే కొంత నీటిని పట్టి ఉంచేలా మార్చడం మొదలుపెట్టారు. రాటర్‌డామ్‌లో 2013లో కట్టిన ఒక చౌకు మామూలు రోజుల్లో పిల్లలు ఆడుకునే మైదానం, వాన రోజుల్లో నీటి తొట్టి. వరద తగ్గితే ఒక్క ఇల్లే కాదు ఒళ్లూ బాగుంటుంది, మురుగు కలిసిన నీటి వల్ల వచ్చే విరేచనాలు, చర్మ వ్యాధులు, తడి గోడల బూజుతో వచ్చే ఆయాసం తగ్గుతాయి.

మీ స్థాయిలో చేయగలిగింది వాన తోట. నీళ్లు సహజంగా పారే దారిలో, భవనం పునాదికి కనీసం 3 మీటర్ల దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు పళ్లెంలా తవ్వి, తడినీ ఎండనూ తట్టుకునే మొక్కలు పెడతాం. తవ్వే ముందు నేలను పరీక్షించాలి. 30 సెంటీమీటర్ల గుంత తీసి నీళ్లు నింపి ఇంకనివ్వండి, మళ్లీ నింపండి. రెండోసారి నింపిన నీళ్లు 24 గంటల్లో ఇంకిపోతే చోటు సరైనదే. ఇంకకపోతే అక్కడ చేయొద్దు, లేదా కింద కంకర, ఇసుక వేసి మిగులు నీటికి ఒక దారి పెట్టాలి. ఇది ఎందుకంత పట్టింపుగా చెబుతున్నానంటే దోమల కోసం. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు సరిపోతాయి. రెండు రోజుల్లో ఇంకే నీటిలో అది కుదరదు. వారం నిలిచే నీటిలో కుదురుతుంది. మీ వాన తోట ఒక్కసారి దోమల గుంటగా మారిందంటే ఆ వీధి మళ్లీ మిమ్మల్ని నమ్మదు, నమ్మకపోవడం న్యాయం కూడా. ఇంకో మాట, మీ వీధి కాలువలో మురుగు కలుస్తుంటే ఆ నీటిని తోటలోకి మళ్లించకండి, ముందు మురుగు సంగతి తేల్చుకోండి.

మనసుకి

పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పోల్చి చూశాడు. సగం మంది కిటికీలోంచి చెట్లు కనబడేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు చూసినవాళ్లు కొంచెం ముందే ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. అది 1984లో అచ్చయింది, ఇప్పటికీ ఆసుపత్రి కట్టేవాళ్లు దాన్ని తలుచుకుంటారు. కానీ మన పనికి ఇంకా దగ్గరగా ఉన్నది ఫిలడెల్ఫియా ప్రయోగం. అక్కడ 541 ఖాళీ స్థలాలను లాటరీ తీసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపులో చెత్త తీసి, చదును చేసి, గడ్డి, కొన్ని చెట్లు పెట్టి, చుట్టూ చిన్న కర్ర కంచె కట్టి, తర్వాత క్రమం తప్పకుండా గడ్డి కోయించారు. రెండో గుంపులో చెత్త మాత్రమే తీశారు. మూడో గుంపు జోలికి పోలేదు. పచ్చగా మార్చిన స్థలాల దగ్గర ఉంటూ దిగులుగా ఉందని చెప్పేవాళ్లు, ఏమీ చేయని చోట్లతో పోలిస్తే 40 శాతానికి పైగా తగ్గారు. చెత్త మాత్రమే తీసినచోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. 2018లో వచ్చిన ఈ ఫలితం చూశాక నేను పెద్ద పార్కు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడమని ఎవరికీ చెప్పడం లేదు. మీ వీధి చివర పాడుబడ్డ స్థలం ఉంటే యజమాని ఎవరో కనుక్కుని, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, అక్కడే మొదలుపెట్టండి.

ఎంతసేపు గడపాలి అని అడుగుతారు. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మందిని అడిగి చేసిన 2019 నాటి అధ్యయనంలో, వారానికి 120 నిమిషాలు దాటి ప్రకృతిలో గడిపినవాళ్లు ఆరోగ్యంగా, బాగున్నామని ఎక్కువగా చెప్పారు. ఒకేసారి గడిపినా, కొంచెం కొంచెంగా గడిపినా తేడా రాలేదు. అంటే రోజుకు పదిహేడు పద్దెనిమిది నిమిషాలు. మనిషి రోజూ అంతసేపు కూర్చోవాలంటే ఏం కావాలో ఆలోచించండి. వీపు ఆనించుకునే బెంచీ, చేతులు ఊని లేవడానికి ఆసరా, తాగే నీళ్లు, దగ్గర్లో మరుగుదొడ్డి, చక్రాల కుర్చీ తిరిగే బాట. చీకటిపడ్డాక చేసిన మీ మూడో నడక ఇక్కడ పనికొస్తుంది. ఆడవాళ్లు ఏ మూల తప్పించుకుని నడుస్తున్నారో అక్కడ దీపం ఉందా, పొదలు చూపుకి అడ్డంగా ఉన్నాయా చూడండి. భయం వేసే పార్కు ఎంత పచ్చగా ఉన్నా టెన్షన్ తగ్గించదు, పెంచుతుంది.

పిల్లలకైతే మట్టి ఇవ్వండి. ఫిన్లాండ్‌లో 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 75 మందితో ఒక ప్రయోగం చేశారు. కొన్ని శిశు సంరక్షణ కేంద్రాల ఆవరణల్లో అడవి నేల పొరలు, గడ్డి తెచ్చి పరిచారు. 28 రోజులు పిల్లలు అందులో ఆడాక వాళ్ల చర్మం మీది సూక్ష్మజీవుల్లో వైవిధ్యం పెరిగింది, రక్తంలో రోగనిరోధక శక్తిని అదుపులో ఉంచే సూచికలూ మెరుగయ్యాయి. మీ బడి ఆవరణ అంతా సిమెంటు అయితే ఒక మూల పలకలు తీయించి మట్టి, ఆకులు, దుంగలు పెట్టించండి. ఒక్క జాగ్రత్త, ఆ స్థలం ఒకప్పుడు ఫ్యాక్టరీయో, గ్యారేజీయో, పెద్ద రోడ్డు పక్కనో అయితే మట్టిలో సీసం ఉందేమో ముందు పరీక్ష చేయించాలి. ఉంటే శుభ్రమైన మట్టి తెచ్చి ఎత్తు మడులు కట్టుకోవాలి.

పచ్చదనం వచ్చి మనుషులు పోకూడదు

న్యూయార్క్‌లో పాత రైలు వంతెన మీద 2009లో తెరిచిన హై లైన్ పార్కు చుట్టూ ఇళ్ల ధరలు బాగా పెరిగాయి. ఇలాంటిది చాలా నగరాల్లో జరిగింది. ఎండలో మగ్గిన కుటుంబాలే నీడ వచ్చేసరికి అద్దె కట్టలేక వేరే ఎండలోకి వెళ్లిపోతే మనం ఎవరి ఆరోగ్యం బాగుచేసినట్టు? అందుకే మొదటి సమావేశానికే అద్దెకుండే వాళ్లను పిలవండి, వాళ్లకు వీలైన వేళ పెట్టండి. అద్దెల మీద పట్టు, సొంత ఇళ్లకు రక్షణ గురించి నగర పాలకులతో అదే ఫైలులో మాట్లాడండి. ఒకే చోట మెరిసే పెద్ద పార్కు కంటే పేటంతా పరుచుకున్న చిన్న చిన్న పనులు చేస్తే ఈ ఒత్తిడి తక్కువ ఉంటుందని నా అభిప్రాయం.

డబ్బు, పని, లెక్క

నాటడానికి నిధులు దొరుకుతాయి, నిలబెట్టడానికి దొరకవు. కాబట్టి ప్రతిపాదన రాసేటప్పుడే కనీసం మూడేళ్ల నీళ్లు, కత్తిరింపు, చచ్చిన మొక్కల స్థానంలో కొత్తవి, బెంచీల మరమ్మతు, ఒక మనిషి జీతం, ఇవన్నీ నాటే ఖర్చుతో కలిపి ఒకే అంకెగా అడగండి. విడదీసి అడిగితే రెండోది కోసేస్తారు. ఆరోగ్య శాఖను మొదటి రోజు నుంచే కూర్చోబెట్టుకోండి, పార్కుల వాళ్లు చెట్లు లెక్కపెడతారు, వీళ్లు రోగులను లెక్కపెడతారు, రెండూ ఒకే కాగితం మీదికి రావాలి.

కొలతలు తేలిగ్గా ఉండనివ్వండి. మొదట నడిచినప్పుడు తీసిన ఉష్ణోగ్రతలు అదే చోట, అదే వేళకు, అలాంటి ఎండ రోజునే ఏటా తీయండి. వాన తర్వాత నీరు ఎన్ని గంటలు నిలిచిందో రాయండి. ఒక సాయంత్రం గంటసేపు అక్కడ కూర్చున్న వాళ్లను లెక్కపెట్టండి, అందులో పెద్దవాళ్లు ఎందరు, ఆడవాళ్లు ఎందరు, పిల్లలు ఎందరు అని. మనసు సంగతికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే ఐదు ప్రశ్నల జాబితా ఉంది, డబ్ల్యూహెచ్ఓ-5 అంటారు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. పని మొదలవకముందే ఒకసారి అడిగి ఉంచండి, తర్వాత పోల్చడానికి అది లేకపోతే ఏమీ చెప్పలేం.

చెట్టు పెద్ద నీడ ఇవ్వడానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు ఆ బస్సు స్టాపు దగ్గర నిలబడే వాళ్లకు ఒక గుడ్డ పందిరో, కర్ర పందిరి మీద త్వరగా పాకే తీగో వేయించండి. వచ్చే వేసవి కూడా వాళ్లు అక్కడే నిలబడాలి కదా.